మడతమ్మ విదిలించిన ప్యాంటు

అమ్మమ్మ ప్యాంటు విదిలిస్తే ఆ చప్పుడు బస్టాపు దాకా వినిపిస్తుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లలో కొత్తవాళ్లయితే ఉలిక్కిపడి, ఏ టైరో పేలిందనుకుని రోడ్డు వంక చూస్తారు. పాతవాళ్లు మాత్రం గడియారం చూసుకోకుండానే, ఎనిమిదైంది, మడతమ్మ మొదలెట్టింది అనుకుంటారు. రెండు కాళ్ల అంచులూ రెండు చేతుల్లో పట్టుకుని, చేతులు తలపైకెత్తి, ఒకే ఒక్క దెబ్బ. రెండో దెబ్బ కావలసి వచ్చిందంటే ఆ రోజు ఆవిడకు ఒంట్లో బాగాలేదని అర్థం.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా అమ్మమ్మ ఇస్త్రీ కొట్టు నడుపుతోంది. ఉతుక్కి వెళ్లేముందు ఒకసారి, ఇస్త్రీ బల్ల మీద పరిచేముందు ఒకసారి, ప్రతి బట్టా ఆవిడ చేతిలో ఫెళ్లుమనాల్సిందే. దాంతో దుమ్ము పోతుంది, జేబులో మర్చిపోయిన చిల్లర రాలుతుంది, సగం ముడతలు ఇస్త్రీ పెట్టె మొహం చూడకుండానే పారిపోతాయి. మిగతా సగం కోసమే పెట్టె, అంటుంది ఆవిడ.

మడతమ్మ అన్న పేరు ఎవరు పెట్టారో తెలీదు గానీ, పెట్టినవాళ్లకి కళ్లున్నాయి. ఆవిడ చేతికి ఏది చిక్కినా మడత పడుతుంది. చదివేసిన పేపరు, ఖాళీ ప్లాస్టిక్ సంచి, బస్సు టికెట్టు, మాత్రలు అయిపోయిన రేకు, అన్నీ నాలుగు మడతలు. పొద్దున ఆరు దాటాక కూడా పడుకుని ఉంటే తనను కూడా మడిచి బీరువాలో పెట్టేస్తుందని తాతయ్యకు భయం. అందుకే ఐదున్నరకే లేచి కూర్చుంటాడు.

కొట్టుకు రెండు గదులు. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, దాని మీద మాడిన మచ్చలతో దేశపటంలా తయారైన దుప్పటి, పైకప్పుకు కట్టిన దండేల వరసలు. పని అయిన బట్టలన్నీ ఆ దండేలకే వేలాడతాయి. పొడుగు మనిషి ఎవరైనా లోపలికి వస్తే ముందు ఊరివాళ్ల చొక్కాల్లో తల దూర్చాల్సిందే. వెనక గదిలో రెండు వాషింగ్ మిషన్లు. ఒకటి పెద్దది, ఇంకొకటి ముసలిది. ముసలిది తిరిగేటప్పుడు మూలుగుతుంది, అయినా వేడినీళ్ల పని దాంతోనే. ఆ గదికి అధికారి తాతయ్య. వచ్చిన ప్రతి బట్టకూ మెడ దగ్గర నంబరు రాసిన గుడ్డ చీటీ ఒకటి పిన్నుతో గుచ్చి లోపలికి పంపడం, బయటికి వచ్చాక ఆ చీటీ పీకి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేయడం అమ్మమ్మ వంతు.

ఇక ఆవిడకున్న అసలు విద్య, బట్టల్ని చదవడం. బడిలో ఐదో తరగతితో ఆపేసిన చదువు ఇక్కడ పూర్తి చేసింది. పళ్ల డాక్టరుగారి జేబులో చాక్లెట్ కాగితాలు దొరుకుతాయని ఆవిడకు తెలుసు. లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఆదివారాలు ఎక్కడో గడ్డిలో దొర్లి వస్తుందని తెలుసు. కానీ బట్టలు చెప్పిన మాట కొట్టు గడప దాటకూడదన్నది ఆవిడ చట్టం. తాతయ్యకు కూడా చెప్పదు. తాతయ్య అడిగీ అడిగీ, నోరు నొప్పి పెట్టి మానేశాడు.

ఇంకో చట్టం కూడా ఉంది. దాన్ని ఆవిడ పైకి చెప్పదు గానీ ఊరంతా ఎరుగును. కొట్టు తప్పు చేయదు. ఒకసారి ఎర్ర తువ్వాలు కలిసిపోయి బ్యాంకు మేనేజరుగారి తెల్ల చొక్కాలు మూడు లేత గులాబీ రంగుకు తిరిగాయి. అమ్మమ్మ వాటిని కడక్ ఇస్త్రీ చేసి ఆయన చేతిలో పెట్టి, ఈ రంగులో మీ మొహం కళగా ఉంటుందని చెప్పింది. ఆయన అద్దంలో చూసుకుని, నిజమే అనుకుని, ఇంకో రెండు కొనుక్కున్నాడు.

అలాంటి మనిషికి ఆ శుక్రవారం తలమీద పడిందండీ పిడుగు.

మర్నాడు పొద్దున ఏడింటికి బడిపిల్లల పరుగు పందెం. పది, పన్నెండేళ్ల పిల్లలు యాభై నలుగురు. ఎప్పుడో రైళ్లు మానేసిన పాత గూడ్సు లైను కట్ట మీదుగా మూడు కిలోమీటర్లు పరిగెత్తాలి. నంబర్లు కుట్టిన పసుపురంగు బనియన్లు గురువారమే అమ్మమ్మ కొట్టుకు వచ్చాయి. శుక్రవారం పది గంటలకల్లా వాటన్నిటికీ ఇస్త్రీ అయిపోయి, ముందు గదిలో దండేలకు వరసగా వేలాడుతున్నాయి. గదంతా పొద్దుతిరుగుడు చేను పెట్టినట్టుంది. అమ్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని వాటిని చూసుకుని ముచ్చటపడుతుండగా పెయింటరు వచ్చాడు.

ఎదురు వీధిలో బోర్డులు రాసే కుర్రాడు. ముందురోజు కట్ట పొడుగునా రాళ్ల మీద బాణం గుర్తులు వేసి వచ్చాడు. ఆ బట్టలే మూట కట్టి తెచ్చాడు. రేపు పందెం దగ్గర నిలబడాలి, సాయంత్రానికి ఇచ్చేయండి పెద్దమ్మా అన్నాడు. అంటూ ఒక చేత్తో మోచెయ్యి, ఇంకో చేత్తో మెడ గోక్కుంటున్నాడు. చవకరకం రంగు వాడితే అంతే మరి అని అమ్మమ్మ ఒక చురక అంటించింది. అతను నవ్వేసి వెళ్లిపోయాడు.

అమ్మమ్మ మూట విప్పింది. ప్యాంటు అంచులు పట్టుకుంది. మోకాళ్ల దాకా ఉత్తరేణి గింజలు గుచ్చుకుని ఉన్నాయి. చేతులు తలపైకెత్తి, యాభై నాలుగు బనియన్ల కింద నిలబడి, ఫెళ్లున విదిలించింది.

ఐదు నిమిషాలు గడిచాయి. ముందు మెడ వెనక చీమ పాకినట్టయింది. తర్వాత మణికట్టు మీద. తర్వాత ఆ చీమలు పెళ్లాం పిల్లల్ని కూడా తెచ్చుకున్నట్టు మోచేతుల దాకా ఒకటే మంట, ఒకటే దురద. ఇస్త్రీ వేడికేమో అనుకుని, గాలి ఆడడం లేదని కేకేసింది. తాతయ్య పరుగున వచ్చి ఫ్యాను ఫుల్లుగా తిప్పాడు. బనియన్లన్నీ జెండాల్లా ఎగిరాయి. ఆవిడ గోక్కోవడం చూసి జాలిపడి, గరుకు తువ్వాలు తెచ్చి మెడమీద బరబరా రుద్దాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఇంత శ్రద్ధగా ఏ పనీ చేసి ఉండడు. రుద్దిన కొద్దీ దురద మెడ నుంచి వీపుకు, వీపు నుంచి తాతయ్య చేతికి పాకింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి గోక్కుంటూ, తప్పు నీదంటే నీదని పోట్లాడుకుంటుండగా నర్సమ్మ వచ్చింది.

మూల మీది ఆరోగ్య కేంద్రంలో నర్సు ఆవిడ. తన తెల్ల కోట్ల కోసం వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

"ఫ్యాను ఆపండి. రుద్దొద్దు, గోకొద్దు. ఇద్దరూ చేతులు మొహానికి తీసుకెళ్లకండి."

నర్సమ్మ గొంతులో ఏదో ఉంది. అమ్మమ్మ లాంటి మనిషి కూడా గోకుడు ఆపేసింది. ఉన్ని కోట్ల మీద పిల్లి వెంట్రుకలు తీయడానికి కొట్లో ఉండే జిగురు రోలరు నర్సమ్మ కంటపడింది. దాన్ని అమ్మమ్మ చేతి మీద మెల్లగా ఒత్తి, పైకి లేపింది. రుద్దలేదు, దొర్లించనూ లేదు. ఒత్తడం, లేపడం, జిగురు కాగితం చించి పారేయడం, మళ్లీ కొత్త కాగితంతో ఒత్తడం. ఆ తర్వాత పంపు కింద ధారగా నీళ్లు, సబ్బు, గోళ్ల సందులు కూడా. కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడుగుతూనే ఉండాలనీ, ఊపిరి పట్టేసినా మొహం వాచినా ఇంటి వైద్యం చేసుకుంటూ కూర్చోకుండా తన దగ్గరికి పరిగెత్తుకు రావాలనీ చెప్పింది. మంట పూర్తిగా పోలేదు గానీ, అదుపులోకి వచ్చింది.

అమ్మమ్మ మాత్రం పారేసిన జిగురు కాగితం ఒకటి తీసుకుని, బొత్తాలు కుట్టేటప్పుడు వాడే భూతద్దం కింద పెట్టింది. సూది మొనల్లాంటి వెంట్రుకలు. బంగారం రంగు, కాస్త గోధుమ వన్నె. చూడగానే ఆవిడకు ఐదో తరగతి గుర్తుకొచ్చింది. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి గౌను మెడలోంచి వెనక బెంచీ కుర్రాడు కాయ నూగు పోయడం, ఆ అమ్మాయి బడి చుట్టూ మూడు చుట్లు పరిగెత్తడం గుర్తుకొచ్చాయి. ఆ అమ్మాయి అమ్మమ్మే. ఆ కుర్రాడు తాతయ్య. కక్ష తీర్చుకోవడానికే పెళ్లి చేసుకున్నానని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

"దురదగొండి" అంది అమ్మమ్మ.

తాతయ్య నేల చూపులు చూశాడు. ఆ కాయ సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు మరి.

అప్పుడు అమ్మమ్మ తల పైకెత్తింది. పసుపు బనియన్లు యాభై నాలుగూ తలమీద మెల్లగా ఊగుతున్నాయి. తనే విదిలించింది, తాతయ్యే ఫ్యాను తిప్పాడు. రేపు ఏడింటికి ఆ బనియన్లు యాభై నాలుగు చిన్న మెడల మీదికి ఎక్కుతాయి.

పెయింటర్ని పిలిపించింది. అతను చెప్పింది విని ఆవిడకు ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. కట్ట మీద సగం దూరం వెళ్లాక, కూలిపోయిన సిగ్నల్ గది దగ్గర, దారి మలుపులో రెండు పక్కలా తీగ అల్లుకుపోయి ఉందట. చిక్కుడుకాయల్లా వంకర తిరిగిన ఎండుకాయలు గుత్తులు గుత్తులుగా దారి మీదికే వేలాడుతున్నాయట. మఖమల్ గుడ్డలా నిగనిగలాడుతుంటే ముచ్చటేసి నిమిరాడట కూడా. రాత్రంతా నిద్ర లేదు, రంగులో కలిపే నూనె పడలేదనుకున్నాను అన్నాడు. నర్సమ్మ అతణ్ని చెయ్యి తగలకుండా ముందు నడిపించుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది.

కొట్లో ఇద్దరే మిగిలారు. తాతయ్య గొంతు తగ్గించాడు. బనియన్లు మళ్లీ ఉతికేద్దాం, ఎవరికీ తెలీదు, మూడో మనిషికి చెప్పక్కర్లేదు అన్నాడు. కట్ట సంగతి బడివాళ్లు చూసుకుంటారు, మనకెందుకు అన్నాడు. అమ్మమ్మకు ఆ మాట తియ్యగానే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ల పేరు. బడికి వెళ్లి కట్ట మీద దురదగొండి ఉందని చెబితే, నీకెలా తెలుసంటారు. ఎలా తెలిసిందో చెబితే, బనియన్ల సంగతి బయటికొస్తుంది. ఆవిడ చేతిలో ఉన్న జిగురు కాగితాన్ని మడవబోయి, మానేసింది.

"బనియన్లు ఉతకొచ్చు. కట్టను ఉతకలేం కదా" అంది.

అంతే, కాళ్లకు చక్రాలు కట్టుకుంది. తాతయ్యకు పని అప్పజెప్పింది. బనియన్లు విదిలించకూడదు, దులపకూడదు, చీపురు ముట్టుకోకూడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, రబ్బరు తొడుగులు వేసుకుని, ఒక్కొక్కటీ దండెం మీద ఉండగానే నీళ్లు చిలకరించి, తడి అయ్యాకే దించి, బకెట్లో ముంచాలి. తర్వాత ముసలి మిషన్లో వేడినీళ్లతో, ఇంకే బట్టా కలపకుండా రెండుసార్లు. నేల, బల్ల, ఫ్యాను రెక్కలు తడిగుడ్డతో తుడవాలి. దండెం మీద ఉన్న మిగతా ఊరివాళ్ల బట్టలకూ అదే వరస. తాతయ్య బుద్ధిగా తలూపాడు. చిన్నప్పటి పాపం ఇన్నాళ్లకు ఇలా తగులుకుంటుందని ఆయన అనుకుని ఉండడు.

బడి ఆవరణలో డ్రిల్లు మాస్టారు మెడలో ఈల వేసుకుని తాడుతో గీతలు కొలుస్తున్నాడు. చుట్టూ ఇద్దరు టీచర్లు, గంపెడు మంది పిల్లలు. మనిషి నిక్కచ్చి. ఆయన ప్యాంటు గీత ఎంత నిటారుగా ఉంటుందో వెన్ను అంత నిటారుగా ఉంటుంది. ఆ గీత అమ్మమ్మ పెట్టినదే అనుకోండి. కట్ట మీద దురదగొండి ఉంది, దారి మార్చండి అని ఆవిడ చెప్పగానే ఆయన నవ్వాడు. దారంతా తానే స్వయంగా నడిచి చూశాడట, ఆకు ఆకూ పరీక్షించాడట, అలాంటి తీగ ఏదీ లేదట. పందెం రేపు పెట్టుకుని ఇప్పుడు దారి మార్చడం కుదరదన్నాడు. అసలు మీకు ఎవరు చెప్పారని అడిగాడు.

అమ్మమ్మ చుట్టూ ఉన్న పిల్లల వంక చూసింది. తర్వాత అందరి ఎదుటా అనేసింది.

"నేను తప్పు చేశాను మాస్టారూ. పెయింటరు ప్యాంటు మీ పిల్లల బనియన్ల కింద విదిలించాను. ఆ నూగు వాటి మీద పడింది. వాటిని మళ్లీ ఉతికిస్తున్నాను. కానీ ఆ ప్యాంటుకు నూగు అంటింది మీ దారిలోనే."

నేను తప్పు చేశాను అన్న మూడు ముక్కలు ఆవిడ నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పైగా డ్రిల్లు మాస్టారుకు అది మంచి పట్టు దొరికినట్టయింది. మీ కొట్లో చెత్త ఉంచుకుని నా దారి మీదికి తోస్తారేం అన్నాడు. టీచర్లు మొహాలు చూసుకున్నారు. పిల్లలు కిసుక్కుమన్నారు. అమ్మమ్మ చెవులు ఇస్త్రీ పెట్టెలా వేడెక్కాయి.

నిజానికి ఆవిడ దగ్గర ఇంకో ముక్క ఉంది. అందరి ముందూ విసిరితే మాస్టారు అక్కడికక్కడే ముడతలు పడిపోయేవాడు. కానీ బట్టలు చెప్పిన మాట గడప దాటకూడదు. ఒక చట్టం ఇప్పుడే తునకలైంది, రెండోది కూడానా. ఆవిడ నాలుగడుగులు ముందుకు వేసి, ఆయన చెవికి మాత్రమే వినిపించేలా అంది.

"బుధవారం మీ ట్రాకుప్యాంటు ఉతికాను మాస్టారూ. కట్ట మీద పది అడుగులు నడిచినవాడికి ఉత్తరేణి గింజలు అంటకుండా ఉండవు. మీ ప్యాంటుకు ఒక్కటి లేదు. కూర్చునే చోట స్కూటరు సీటు నలుపు మాత్రం ఉంది."

మాస్టారు ఏదో అనబోయాడు. కంగారులో మెడలోని ఈల నోట్లో పెట్టేసుకున్నాడు. అది పీక్ అని చిన్నగా అరిచింది.

"నేను ఎవరికీ చెప్పను. సాయంత్రం నాలుగింటికి నాతో కట్ట దాకా రండి, చాలు. నిండు చేతుల చొక్కా వేసుకోండి" అని ఆవిడ వెనక్కి తిరిగింది.

నాలుగింటికి ఆయన వచ్చాడు. వచ్చాడు గానీ పొట్టి చేతుల టీ షర్టుతోనే వచ్చాడు. చెప్పిన మాట వింటే పెద్దరికం పోతుందని కాబోలు. అమ్మమ్మ వాలకం మాత్రం చూసి తీరాల్సిందే. తాతయ్య వానకోటు మెడదాకా బొత్తాలు పెట్టి వేసుకుంది. కాళ్లకు రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు, తలకు గట్టిగా కట్టిన గుడ్డ, కళ్లకు రేడియో బాగుచేసే అతని దగ్గర అరువు తెచ్చిన రక్షణ అద్దాలు. చేతిలో, పై దండేలకు బట్టలు అందించే పొడుగాటి కర్ర. దాని కొసకు, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లటి దిండుగలీబు కట్టింది. దండయాత్రకు బయల్దేరినట్టుంది. దారిలో ఎదురైన కుక్క ఒకటి మొరగడం మాని పక్కకు తప్పుకుంది.

సిగ్నల్ గది మలుపుకు ఇరవై అడుగుల ఇవతలే ఆవిడ ఆగింది. గాలి తమ వీపు వైపు నుంచి వీస్తోందో లేదో చూసుకుంది. దారికి రెండు పక్కలా తీగ గోడలా లేచి ఉంది. కాయలు నిజంగానే మఖమల్ కుట్టినట్టు ఎండలో మెరుస్తున్నాయి. చూడ్డానికి ఎంత అందమో. వాటి కిందనే రాయి మీద పెయింటరు గీసిన తెల్ల బాణం, ఇటు రండి అన్నట్టు.

అయితే ఇవి మామూలు చిక్కుళ్లు కావా అన్నాడు మాస్టారు. ఒకటి తుంపి చూద్దామని చెయ్యి చాచి ముందుకు కదిలాడు. అమ్మమ్మ కర్ర రైల్వే గేటులా ఆయన ఛాతీకి అడ్డం పడింది.

"అక్కడే ఉండండి. చూడ్డానికి చెయ్యి అక్కర్లేదు."

తను మాత్రం కర్ర అందేంత దూరం వెళ్లి, దాన్ని ముందుకు చాచి, గలీబును కాయల గుత్తి వెనక, దారి మధ్యలో నిలబెట్టింది. సరిగ్గా పిల్లల తలలు వచ్చే ఎత్తులో. ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గాలి వచ్చింది. తీగ ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. కాయలు ఒకదానికొకటి రాసుకుని గలగలమన్నాయి. అంతే, ఎండ వెలుగులో బంగారు పొడి చల్లినట్టు ఏదో తళుక్కుమంది. అమ్మమ్మ కర్రను మెల్లగా వెనక్కి లాగి, భూతద్దం మాస్టారు చేతికిచ్చింది. మంచులా తెల్లగా ఉన్న గలీబు మీద గోధుమరంగు నూగు. వేలెడు మేరలో వందల సూదులు.

మాస్టారు చాలాసేపు చూశాడు. యాభై నలుగురు పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ, నోళ్లు తెరిచి రొప్పుతూ, ఆ మలుపు తిరగడం ఆయన కళ్లకు కట్టినట్టుంది. మొహంలో రంగు మారింది. జేబులు తడుముకున్నాడు, అగ్గిపెట్టె ఉందా, ఇప్పుడే తగలబెట్టేస్తానన్నాడు. అలా చేస్తే ఆ నూగు పొగతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుందని నర్సమ్మ చెప్పిందని అమ్మమ్మ ఆపింది. వానపడ్డాకో, నీళ్లు కొట్టి బాగా తడిపాకో, అన్నీ తొడుక్కున్న పెద్దవాళ్లు కోసి గోతిలో పూడ్చాల్సిన సరుకు అది. ఈలోగా చెయ్యాల్సిన పని ఒక్కటే, అటు వెళ్లకపోవడం.

మాస్టారు సరేనన్నాడు. అంటూ మెడ వెనక చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగింది. గాలి ఒక్క క్షణం దిక్కు మారిందేమో, ఆయన వంతు ఆయనకు పంచింది.

"గోకొద్దు" అంది అమ్మమ్మ, వానకోటు జేబులోంచి జిగురు రోలరు తీస్తూ. "వంగండి."

బడి మొత్తాన్నీ నిటారుగా నిలబెట్టే మనిషి, కట్ట మీద మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. ఇస్త్రీ కొట్టు ఆవిడ ఆయన మెడను ఒత్తుతూ లేపుతూ, ఆయనకు మాత్రమే వినిపించేలా, రేపు నిండు చేతుల చొక్కా మర్చిపోకండి అంది.

సాయంత్రం ఇక పరుగులే పరుగులు. పందెం దారి బస్సు డిపో చుట్టూ ఉన్న వెడల్పు రోడ్డుకు మారింది. రెండు చుట్లు తిరిగితే మూడు కిలోమీటర్లు. పెయింటరు చేతులకు నర్సమ్మ ఇచ్చిన దురద మందు కలమైన్ పూసుకుని, తెల్లటి పులిలా తయారై, కొత్త బాణాలు వేశాడు. కట్ట మొదట్లో తాడు కట్టి, "దురదగొండి ఉంది, లోపలికి పోకండి" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాడు. తాతయ్య ఉతికిన బనియన్లు మధ్యాహ్నమే మేడ మీద ఎండకు ఆరేసి ఉంచాడు. దించాక అమ్మమ్మ ఒక్కొక్కదాని మీదా జిగురు కాగితం ఒత్తి, భూతద్దంతో చూసింది. అది చాలదన్నట్టు, ప్రతి బనియను లోపలి వైపునూ తాతయ్య మోచేతి మడతలో ఆనించి, దురద పుట్టిందా అని అడిగింది. యాభై నాలుగు సార్లు. నలభయ్యోదాని దగ్గర ఆయన విసిగి, పుట్టింది, నీ మీద విసుగు పుట్టింది అన్నాడు. దండెం మీద మిగతా బట్టలున్న ఇరవై ముగ్గురికీ ఆవిడే కబురు పెట్టింది, జరిగింది జరిగినట్టు చెప్పి, ఒక రోజు గడువు అడిగింది. బ్యాంకు మేనేజరుగారు మాత్రం, అయితే నా గులాబీ చొక్కాలు, అని నసిగి ఊరుకున్నాడు.

రాత్రి ఏడయ్యేసరికి బనియన్లు మళ్లీ ఇస్త్రీ అయి, నంబరు చీటీలు తీసి, మడతలు పడి, బడికి చేరాయి.

శనివారం పొద్దున డిపో రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లంతా పిల్లల మొహాలు చూస్తున్నారు. అమ్మమ్మ మాత్రం చేతులు చూస్తోంది. నూట ఎనిమిది చేతులు. వాటిలో ఏ ఒక్కటి మెడ మీదికి పోతుందోనని కళ్లు చికిలించి చూస్తోంది. జేబులో రోలరు, సంచిలో నీళ్ల సీసా, పక్కనే నర్సమ్మ. ఈల మోగింది. పసుపు ముద్ద ఒకటి గీత మీద నుంచి విరజిమ్మినట్టు కదిలింది. మొదటి చుట్టు అయింది. ఒక్క చెయ్యీ లేవలేదు. అమ్మమ్మ అప్పుడు ఊపిరి వదిలింది.

రెండో చుట్టు సగంలో ఉండగా ముప్ఫై ఒకటో నంబరు పిల్ల, ముందున్న నలుగురిలో ఒకతి, చెయ్యి పైకెత్తి మెడ వెనక గోక్కుంది.

అమ్మమ్మ రోడ్డు పక్కన కట్టిన తాడు కింద నుంచి దూరి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రోడ్డు మీదికి దూకింది. అరవై రెండేళ్ల మనిషి ఆ పిల్ల పక్కన పరుగు అందుకుంది. జనం అరుపులు మొదలెట్టారు. ఆవిడ కూడా పోటీలో ఉందనుకున్నవాళ్లు లేకపోలేదు.

"ఏమైంది తల్లీ, దురదా?" రొప్పుతూ అడిగింది.

"కాదు మామ్మా" అంది ఆ పిల్ల పరుగు ఆపకుండానే. "ఏదో గుచ్చుకుంటోంది."

అమ్మమ్మ పరిగెత్తుతూనే ఆ బనియను మెడ పట్టుకుని చూసింది. కొట్టు నంబరు చీటీ. పిన్నుతో సహా, పీకడం మర్చిపోయినది. ఒక్క లాగుతో ఊడబీకింది. ఆ పిల్ల తేలికపడి బాణంలా దూసుకుపోయింది.

అమ్మమ్మ రోడ్డు మధ్యలో నిలబడిపోయింది, ఊపిరి అందక, చీటీ చేతిలో పట్టుకుని. అవతలి పక్కన జనంలోంచి తాతయ్య ఆవిడకు కనిపించేలా రెండు వేళ్లు పైకెత్తి చూపించాడు. నిన్న ఒకటి, ఇవాళ రెండు. అమ్మమ్మ ఆయన్ని ఉరిమి చూసింది. ఆ తర్వాత ముప్ఫై ఒకటో నంబరు వెళ్లిన వైపు చూసింది. ఆ పిల్ల చేతులు రెండూ గాలిని కోస్తూ ముందుకూ వెనక్కూ ఊగుతున్నాయి తప్ప ఇంకెక్కడికీ పోవడం లేదు. అప్పుడు ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చీటీని నాలుగు మడతలు పెట్టి, బొడ్లో దోపుకుంది.